60 మంది ఉన్న నర్సింగ్ తరగతిలో టీమ్ బేస్డ్ లెర్నింగ్ ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: నర్సింగ్ అధ్యాపకురాలు, అనంతపురం

అధ్యాపక మిత్రులందరికీ నమస్కారం.

నేను అనంతపురంలోని ఒక నర్సింగ్ కళాశాలలో పిల్లల ఆరోగ్య నర్సింగ్ బోధిస్తున్నాను. తరగతిలో 60 మంది ఉన్నారు. కల్యాణదుర్గం, రాయదుర్గం, కదిరి వైపు పల్లెల నుంచి వచ్చినవారే ఎక్కువ. చాలామంది పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదువుకున్నారు. కష్టపడి చదువుతారు, పరీక్షల్లో బాగానే రాస్తారు. విరేచనాలతో వచ్చిన పసిబిడ్డలో నిర్జలీకరణ (ఒంట్లో నీరు తగ్గిపోవడం) లక్షణాలు ఏమిటని అడిగితే, కళ్లు లోతుకు పోవడం దగ్గర నుంచి చర్మం గిల్లి వదిలితే నెమ్మదిగా వెనక్కి వెళ్లడం దాకా వరుస తప్పకుండా ఒప్పజెబుతారు. అదే విద్యార్థినిని వార్డులో ఒక బిడ్డ మంచం పక్కన నిలబెట్టి, "ఈ బిడ్డ ఏ కోవకు వస్తుంది, ఇప్పుడు నువ్వేం చేస్తావమ్మా?" అని అడిగితే పక్కనున్న స్నేహితురాలి ముఖం చూస్తుంది. తెలిసిన విషయాన్ని పట్టుకుని ఒక నిర్ణయానికి రావడం మేము వారికి అలవాటు చేయలేదు. మేము చెబుతాము, వారు రాసుకుంటారు, రాసుకున్నదాన్నే పరీక్ష అడుగుతుంది. ఇది నన్ను చాలా కాలంగా బాధిస్తున్న విషయం.

అందువల్లనే టీమ్ బేస్డ్ లెర్నింగ్ (టీబీఎల్) పద్ధతి గురించి చదవడం మొదలుపెట్టాను. నాకు అర్థమైనంతలో, విద్యార్థులు పాఠాన్ని ముందే చదువుకుని రావాలి. తరగతి మొదట్లో ఎవరికి వారు ఒక చిన్న పరీక్ష రాయాలి. వెంటనే అదే పరీక్షను జట్టుగా చర్చించుకుని మళ్లీ రాయాలి. సమాధానంతో ఏకీభవించని జట్టు ఆధారం చూపించి అప్పీలు చేసుకోవచ్చు. అధ్యాపకురాలు సందేహం మిగిలిన చోట మాత్రమే వివరించి, ఆ తర్వాత ఎక్కువ సమయాన్ని నిజమైన రోగి సమస్యల మీద జట్టు నిర్ణయాలకు కేటాయించాలి. కాగితం మీద ఇది నాకు ఎంతో నచ్చింది.

అయితే నా సందేహాలు కూడా చిన్నవి కావు. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాన్ని వీరు ముందుగా చదివి వస్తారని ఎలా నమ్మాలి? చర్చ తెలుగులో సాగితే ఫరవాలేదా, లేక ఇంగ్లీషులోనే మాట్లాడాలని పట్టుబట్టాలా? మా తరగతి గదిలో బెంచీలు నేలకు బిగించి ఉన్నాయి, జట్లను ఎలా కూర్చోబెట్టాలి? నోరు విప్పని పిల్లలు జట్టులో ఇంకా వెనక్కి పోరా? పైగా ఇది సెమినార్‌కు పెట్టిన మరో పేరేనని, పాఠం చెప్పే పనిని విద్యార్థుల నెత్తిన పెట్టడమేనని మా సీనియర్ ఒకరు అంటున్నారు. ఈ పద్ధతిని మన ప్రాంతపు కళాశాలల్లో నడిపినవారు, లేదా అందులో చదివినవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా రాయగలరు.


సమాధానం: ఫార్మకాలజీ ఆచార్యుడు, కర్నూలు

మేడమ్ గారికి నమస్కారం. మీరు బిడ్డ మంచం పక్కన చూసిన దృశ్యాన్ని వైద్య విద్యార్థుల్లో నేనూ చూస్తూనే ఉన్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా మీ సీనియర్ గారి మాట. ఈ పద్ధతిని 1970ల చివరలో అమెరికాలోని ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో వాణిజ్య విద్య బోధించే లారీ మైకేల్సన్ రూపొందించారు. 40 మంది ఉండే ఆయన తరగతి ఒక్కసారిగా 120 మందికి పెరిగింది. కేసు చర్చలు వదులుకుని ఉపన్యాసాలకు మారడం ఇష్టంలేక, అంతమందితోనూ చర్చ నడిపే దారి వెతికారు. 2001 ప్రాంతంలో హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల దీన్ని వైద్యవిద్యలోకి తెచ్చింది. సింగపూర్‌లోని డ్యూక్-ఎన్‌యూఎస్ వైద్య కళాశాల మొదటి నుంచీ తన బోధనకు దీన్నే ప్రధాన ఆధారం చేసుకుంది. ఈ చరిత్రను ఎందుకు చెబుతున్నానంటే, కెనడాలోని మెక్‌మాస్టర్‌లో 1969లో మొదలైన ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్‌కు (చిన్న గుంపులుగా ఒక సమస్యను పట్టుకుని నేర్చుకునే పద్ధతి) ప్రతి చిన్న గుంపు దగ్గరా ఒక అధ్యాపకుడు కూర్చోవాలి. మన కళాశాలల్లో అంతమంది అధ్యాపకులు ఎక్కడున్నారు? టీబీఎల్ పెద్ద తరగతి కోసమే పుట్టింది. ఒక్క అధ్యాపకురాలు పది జట్లను నడపగలరు. సెమినార్‌లో ఒకరు చదివి చెబితే మిగిలినవారు వింటారు. ఇక్కడ ఒకే ప్రశ్నకు అందరూ ఒకేసారి సమాధానం చెప్పవలసి ఉంటుంది. పాఠం చెప్పే పని తగ్గుతుందన్న మాట కూడా నిజం కాదు. ఒక గంట ఉపన్యాసానికి సిద్ధమవడానికి పట్టే సమయం కంటే ఒక మంచి టీబీఎల్ తరగతికి ప్రశ్నలు రాయడానికి ఎన్నో రెట్లు ఎక్కువ సమయం పడుతుంది.

ముందస్తు చదువు, పరీక్ష, అప్పీలు అనేవి గడప దాటించే మెట్లు మాత్రమే. వాటిని బాగా నడిపి, అసలు సమస్య దగ్గర చతికిలబడే తరగతులు చాలా ఉంటాయి. మీ శ్రమలో ముప్పాతిక భాగం అన్వయ ప్రశ్న, అంటే చదివినదాన్ని రోగి సమస్యకు వాడి నిర్ణయం తీసుకోమనే ప్రశ్న, రాయడం మీదే పెట్టమని నా మనవి. ఆ ప్రశ్న నిజంగా వృత్తిలో ఎదురయ్యే ముఖ్యమైన సమస్య అయి ఉండాలి. అన్ని జట్లూ అదే సమస్య మీద పనిచేయాలి. నాలుగైదు మార్గాల్లో ఒకదాన్ని మాత్రమే ఎంచుకోవాలి. ఆ ఎంపికను అన్ని జట్లూ ఒకే క్షణంలో బయటపెట్టాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి సడలినా తరగతి మళ్లీ పాత గ్రూప్ డిస్కషన్ అయిపోతుంది.

ఒక ఉదాహరణ ఇస్తాను. "పాముకాటు చికిత్సను చర్చించండి" అని ఇస్తే జట్టులో బాగా చదివే ఒకరు రాస్తారు, ఇద్దరు చూస్తారు, మిగిలినవారు ఫోను తీస్తారు. దానికి బదులు నేను ఇచ్చే సమస్య ఇలా ఉంటుంది. గుత్తి వైపు వేరుశనగ చేలో సాయంత్రం పూట కలుపు తీస్తున్న 35 ఏళ్ల స్త్రీని పాదం మీద పాము కరిచింది. ఇంటివారు పిక్క పైన తాడు బిగించి కట్టి, గంటన్నర తర్వాత ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెచ్చారు. పాదం వాచింది, చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు పరీక్షనాళికలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచితే గడ్డకట్టలేదు. కేంద్రంలో విషవిరుగుడు మందు 10 వయల్స్ ఉన్నాయి. పెద్దాసుపత్రి గంటకు పైగా ప్రయాణం. 108 వాహనం గేటు దగ్గర సిద్ధంగా ఉంది. ఇప్పుడు మీరు చేసే మొదటి పని ఏది? ముందుగా తాడు విప్పేస్తారా, ఇక్కడే విషవిరుగుడు మందు మొదలుపెట్టి తర్వాత పంపుతారా, ఆలస్యం చేయకుండా వెంటనే వాహనం ఎక్కిస్తారా, ఏ పాము కరిచిందో తేలేదాకా ఆగుతారా?

ప్రతి జట్టుకూ నాలుగు రంగుల అట్టముక్కలు ఇచ్చి, నేను చెప్పగానే ఒకేసారి పైకెత్తమంటాను. మూడు జట్లు ఒక రంగు, నాలుగు జట్లు వేరే రంగు ఎత్తిన ఆ క్షణంలో తరగతి మొత్తం మేలుకుంటుంది. పక్క జట్టు తనకంటే వేరుగా ఎందుకు అనుకుందో తెలుసుకోవాలన్న పట్టుదల అప్పుడే పుడుతుంది. వాహనం ఎక్కించాలన్న జట్టును, దారిలో పరిస్థితి విషమిస్తే ఎవరు చూస్తారని మరో జట్టు అడుగుతుంది. తాడు విప్పాలన్నవారిని, బిగించిన తాడును ఒక్కసారిగా విప్పితే ఆగి ఉన్న విషం శరీరంలోకి పాకదా అని ఇంకొకరు నిలదీస్తారు. పాము ఏదో తేలాలన్న జట్టుకు, మన దేశంలో దొరికే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ కలిపి పనిచేస్తుందని, చంపిన పామును తెచ్చేదాకా ఆగడం వల్ల నష్టమే తప్ప లాభం లేదని తోటివారే చెబుతారు. మందుకు తీవ్రమైన ప్రతిచర్య వస్తే వాడే అడ్రినలిన్ పక్కన సిద్ధంగా పెట్టుకుని ఇక్కడే మందు మొదలుపెట్టాలని, అది ఎక్కుతుండగా తాడును మెల్లగా సడలించాలని, ఆ తర్వాతే పంపాలని చివరకు నేను చెప్పేది ఒక్క నిమిషం పని. అప్పటికి వారిలో చాలామంది తమంతట తాము అక్కడికి చేరుకుని ఉంటారు. అదే కాటు ఎనిమిదేళ్ల పిల్లవాడికి పడితే మోతాదు తగ్గించాలా అని తర్వాత అడగండి. పాము ఎక్కించే విషం మనిషి బరువును బట్టి మారదు కాబట్టి పిల్లలకూ పెద్దలకూ మోతాదు ఒకటేనన్న విషయం అప్పుడు వారు ఎప్పటికీ మరచిపోరు.

భాష విషయంలో నా అభిప్రాయం స్పష్టం. చర్చ తెలుగులోనే జరగనివ్వండి. మా కర్నూలులో ఉర్దూలో, ఆలూరు వైపు పిల్లలైతే కన్నడంలో కూడా వాదించుకుంటారు. రేపు వారు మాట్లాడవలసింది ఆ భాషల్లోనే బాధపడే మనుషులతో కదా. మందుల పేర్లు, మోతాదులు, చివరగా జట్టు రాసే రెండు వాక్యాల కారణం మాత్రం ఇంగ్లీషులో రాయించండి. విశ్వవిద్యాలయ పరీక్షకు అది చాలు.

నోరు విప్పని పిల్లల గురించి మీరు భయపడనక్కరలేదు. ఒహాయోలోని రైట్ స్టేట్ వైద్య కళాశాలలో జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. ఈ పద్ధతిలో నేర్చుకున్న అంశాలపై ప్రశ్నల్లో విద్యార్థులకు ఇతర పద్ధతుల కంటే సగటున దాదాపు 6 శాతం మార్కులు ఎక్కువ వచ్చాయని, అందులో వెనుకబడినవారు పొందిన లాభం ముందున్నవారి లాభానికి దాదాపు రెట్టింపు ఉందని అందులో తేలింది. అన్ని అధ్యయనాలూ ఇంత స్పష్టంగా లేవు, కొన్నింటిలో తేడా స్వల్పమే. నా తరగతుల్లో నేను చూసింది మాత్రం ఆ అధ్యయనం చెప్పినదానికి దగ్గరగానే ఉంది.


సమాధానం: ఫార్మ్-డి అధ్యాపకుడు, కడప

ఆచార్యుల వారు ముఖ్యమైనదంతా చెప్పారు. రోజువారీ నిర్వహణ గురించి నాకు తెలిసినది కలుపుతాను.

జట్లను ఎప్పుడూ విద్యార్థులకు వదలకండి. వదిలితే ఒకే హాస్టల్ గదివారు, ఒకే ఊరివారు ఒకచోట చేరతారు. రోల్ నంబర్ల ప్రకారం విడగొడితే ఒకే ఇంటిపేరు, ఒకే అక్షరం వారు కలుస్తారు, అది కూడా మంచి కలయిక కాదు. తరగతిలో అందరి ఎదుటే చేయండి. ఇంటర్ ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారిని ఒక వరుసలో, తెలుగు మాధ్యమంలో చదివినవారిని దాని వెనుక, ఇంట్లో రోగిని చూసుకున్న అనుభవం ఉన్నవారిని ఇంకో వరుసలో నిలబెట్టి, ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమనండి. ఒకే అంకె వచ్చినవారు ఒక జట్టు. మీకు ఆరుగురు చొప్పున పది జట్లు వస్తాయి. జట్టుకు అయిదు నుంచి ఏడుగురు ఉండటం మంచిదని ఈ పద్ధతి తెలిసినవారు చెబుతారు. ఒకసారి ఏర్పడిన జట్టును సెమిస్టర్ పూర్తయ్యేదాకా మార్చకండి. ఒకరి తీరు మరొకరికి తెలిసి, మొహమాటం తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. మొహమాటం తగ్గాకే అసలైన వాదన మొదలవుతుంది.

బిగించిన బెంచీల గురించి. ముందు బెంచీలోని ముగ్గురు వెనక్కి తిరిగి కూర్చుంటే వెనుక బెంచీలోని ముగ్గురితో కలిసి ఆరుగురి జట్టు తయారవుతుంది. మెట్ల గ్యాలరీలో కూడా ఇది సాధ్యమే. మధ్యలో ఒక వరుస ఖాళీగా వదిలితే మీరు నడుచుకుంటూ అందరి దగ్గరికీ వెళ్లవచ్చు.

జట్టు పరీక్షకు విదేశాల్లో గీకి చూసే కార్డులు వాడతారు. సరైన అక్షరం కింద నక్షత్రం ఉంటుంది. మొదటి ప్రయత్నంలో దొరికితే 4 మార్కులు, రెండోసారికి 2, మూడోసారికి 1, ఆ తర్వాత సున్నా. వాటిని తెప్పించుకోనక్కరలేదు. సమాధానాల పట్టికను ప్రింట్ తీసి, గీకితే చెరిగిపోయే వెండిరంగు స్టిక్కర్లు అతికిస్తే సరిపోతుంది. అవి కూడా దొరకకపోతే ప్రతి ప్రశ్నకు నాలుగు చిన్న కాగితపు రెక్కలు మడిచి స్టేపుల్ చేయండి. ఒక్కొక్క రెక్క ఎత్తి చూసే ముందు ఆరుగురూ తలలు దగ్గరపెట్టి ఎలా వాదించుకుంటారో మీరే చూస్తారు. ఫోన్లలో నడిపే ఫారాలు కూడా ఉన్నాయి కానీ, ఒకరి చేతిలో ఫోను ఉంటే నిర్ణయం కూడా ఆ ఒక్కరిదే అయిపోతోందని నాకు అనిపిస్తుంది.

ముందుగా ఇచ్చే చదువు పది పేజీలు దాటనివ్వకండి. అధ్యాయం మొత్తం ఇస్తే ఎవరూ చదవరు. ఏ పేజీలో ఏ పట్టిక ముఖ్యమో, ఏ మూడు ప్రశ్నలకు సమాధానం వెతకాలో ఒక కాగితంపై రాసి ఇవ్వండి. ఎవరికి వారు రాసే పరీక్షకు మార్కులు ఉన్నాయని తెలిస్తే, జట్టును దెబ్బతీశామన్న పేరు రాకూడదనుకుంటే, రెండో వారం నుంచి చదివి రావడం మొదలుపెడతారు. ఇంటర్నల్ మార్కుల విభజన విశ్వవిద్యాలయం నిర్ణయించినదే అయినా, అందులో క్లాస్ టెస్టులకు ఉన్న భాగంలో వీటిని చేర్చుకోవచ్చేమో మీ ప్రిన్సిపాల్ గారితో ముందుగానే మాట్లాడి, తరగతి మొదలుకాక ముందే విద్యార్థులకు చెప్పండి.

అప్పీలును తేలికగా తీసుకోవద్దు. మీ అంశంలోనే ఒక ఉదాహరణ చెబుతాను. ఓఆర్ఎస్‌లో సోడియం ఎంత అన్న ప్రశ్నకు ఒక జట్టు లీటరుకు 90 మిల్లీమోల్స్ అని రాసి, పాత గైడు చూపించి వాదిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2002లో ఆ మిశ్రమాన్ని మార్చి, సోడియాన్ని 75కు, మొత్తం ఆస్మోలారిటీని (ద్రవంలో కరిగిన పదార్థాల గాఢతను) 311 నుంచి 245కు తగ్గించాయి. ఆ జట్టుకు మార్కు రాదు. అయితే పుస్తకం ఎప్పుడు అచ్చయిందో చూసి నమ్మాలన్న సంగతి ఆ రోజు తరగతి మొత్తానికీ తెలుస్తుంది. అప్పీలు తప్పకుండా రాతపూర్వకంగా, పేజీ నంబరుతో ఉండాలి. ప్రశ్న నిజంగానే అస్పష్టంగా ఉందని తేలితే అప్పీలు చేసిన జట్టుకు మాత్రమే మార్కు ఇవ్వాలి. ఊరికే గట్టిగా మాట్లాడినవారికి మార్కు ఇస్తే వచ్చే వారం నుంచి తరగతిలో కేకలే మిగులుతాయి.


సమాధానం: విశ్రాంత అనాటమీ అధ్యాపకుడు, అనంతపురం

పై ఇద్దరి మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయదలచాను. అన్ని పాఠాలూ ఈ అచ్చులో పోయవద్దు. గుండె పిండంలో ఎలా రూపుదిద్దుకుంటుందో, నరాల మార్గాలు ఎలా పోతాయో మొదటిసారి వినే విద్యార్థికి, బోర్డు మీద రంగు సుద్దలతో మెల్లగా బొమ్మ గీస్తూ చెప్పే మంచి ఉపన్యాసాన్ని మించినది లేదు. నిర్ణయం తీసుకోవలసిన అవసరం లేని చోట బలవంతంగా నిర్ణయ ప్రశ్న పెడితే అది కృత్రిమంగా ఉంటుంది. వైద్యవిద్య నిబంధనలు కూడా ఉపన్యాసాలు మొత్తం సమయంలో మూడో వంతుకు మించకూడదని చెబుతున్నాయి గానీ, వాటిని తీసివేయమని చెప్పలేదు. సెమిస్టర్‌లో మూడు నాలుగు ముఖ్యమైన అంశాలను ఎంచుకుని, వాటిని మాత్రమే ఈ పద్ధతిలో చాలా బాగా నడపండి.


సమాధానం: హౌస్ సర్జన్, కర్నూలు

గౌరవనీయులైన సార్‌లకు, మేడమ్ గారికి నమస్కారం. నేను రెండో సంవత్సరంలో ఫార్మకాలజీలో ఈ పద్ధతిలో చదువుకున్నాను. విద్యార్థి వైపు నుంచి రెండు మాటలు చెప్పడానికి అనుమతించండి.

మొదటి విషయం, జట్టులో ర్యాంకు వచ్చినవారు ఉంటే మిగిలినవారు వాళ్లు చెప్పిన దానికే తల ఊపే ప్రమాదం నిజంగా ఉంది. మా తరగతిలో దాన్ని మార్చింది ఎవరి పరీక్ష వారు ముందుగా రాయడమే. కాగితం మీద నా సమాధానం అప్పటికే రాసి ఉంది కాబట్టి, "నువ్వు 'బి' ఎందుకు పెట్టావు?" అని జట్టు అడిగినప్పుడు చెప్పక తప్పేది కాదు. ఒకసారి అయిదుగురు ఒక సమాధానానికి కట్టుబడి ఉండగా, అంతవరకూ పెద్దగా మాట్లాడని మా స్నేహితురాలు ఒక్కతే వేరే సమాధానం పెట్టి, అదే సరైనదని తేలింది. ఆ తర్వాత ఆమెను అడగకుండా మేము కార్డు గీకలేదు. జట్టు మార్కు జట్టులో అందరికంటే బాగా రాసినవారి మార్కును కూడా దాటుతుందని మా సార్ మొదటి రోజు చెబితే మేము నమ్మలేదు. తర్వాత ప్రతిసారీ అదే జరిగింది.

రెండో విషయం, తోటివారికి మార్కులు వేయించే భాగంలో దయచేసి జాగ్రత్త వహించండి. ఒకే హాస్టల్‌లో ఉంటూ, ఒకే మెస్సులో తింటూ, ఎవరికి తక్కువ వేయాలన్నా మనసు ఒప్పదు. అందరూ అందరికీ సమానంగా వేసేస్తారు, లేదా ఎవరో ఒకరి మీద పాత కోపం అక్కడ తీరుతుంది. మా దగ్గర అంకెలు తీసివేసి, ప్రతి సహచరుడి గురించి రెండు వాక్యాలు రాయమన్నారు: జట్టుకు ఉపయోగపడిన ఒక పని, ఇకపై చేయాలని కోరుకునే ఒక పని. సార్ వాటిని పేర్లు లేకుండా టైపు చేసి ఎవరివి వారికి ఇచ్చేవారు. "నువ్వు సమాధానం తెలిసినా చివరిదాకా చెప్పవు" అని నాకు వచ్చిన వాక్యం మార్కులకంటే ఎక్కువగా నన్ను మార్చింది.

మరో విన్నపం కూడా ఉంది. క్యాజువాలిటీలో రాత్రి పూట నర్సింగ్ సిస్టర్, ఫార్మసిస్ట్, హౌస్ సర్జన్ మొదటిసారి కలిసేది రోగి పడిపోతున్నప్పుడే. మోతాదు తప్పుగా కనిపించినా సిస్టర్‌కు డాక్టర్‌తో చెప్పడానికి సంకోచం, డాక్టర్‌కు అడగడానికి బిడియం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే వేర్వేరు ఆరోగ్య వృత్తుల విద్యార్థులు కలిసి నేర్చుకోవాలని ఒక మార్గదర్శక పత్రం విడుదల చేసింది. మేడమ్ గారు కుదిరితే సంవత్సరానికి ఒక్కసారైనా నర్సింగ్, వైద్య, ఫార్మసీ విద్యార్థులను ఒకే జట్టులో కూర్చోబెట్టి ఒక కేసు ఇవ్వండి. మాకు అది దొరకలేదన్న లోటు ఇప్పుడు డ్యూటీలో ప్రతిరోజూ తెలుస్తోంది.


అడిగినవారి స్పందన: నర్సింగ్ అధ్యాపకురాలు, అనంతపురం

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. పెద్దలు చెప్పినట్టు మూడు అంశాలే ఎంచుకుంటాను, మొదటిది పిల్లల్లో నిర్జలీకరణ. ఇలా ఒక ప్రశ్న రాశాను, చూసి చెప్పగలరు. "8 నెలల పాప, బరువు 7 కిలోలు, రెండు రోజులుగా నీళ్ల విరేచనాలు. చిరాకుగా ఏడుస్తోంది, కళ్లు లోతుకు పోయాయి, ఓఆర్ఎస్ ఇస్తే ఆత్రంగా తాగుతోంది, చర్మం గిల్లి వదిలితే నెమ్మదిగా వెనక్కి వెళుతోంది. నిర్జలీకరణ ఏ స్థాయిలో ఉంది? ఎంత ఓఆర్ఎస్ ఇవ్వాలి?"


సమాధానం: ఫార్మకాలజీ ఆచార్యుడు, కర్నూలు

మేడమ్ గారూ, ఇది చక్కని ప్రశ్న, కానీ మొదటి పరీక్షలో పెట్టవలసిన ప్రశ్న. దీనికి సమాధానం పుస్తకంలో ఉంది: కొంత నిర్జలీకరణ, ప్లాన్ బి (నోటి ద్వారా ఓఆర్ఎస్ చికిత్స), కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున 525 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో. జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు 14 రోజులు అన్నదాన్ని కూడా ఆ పరీక్షలోనే అడగండి.

అన్వయ ప్రశ్న కోసం గడియారాన్ని రెండు గంటలు ముందుకు జరపండి. పాప ఇప్పటికి 150 మిల్లీలీటర్లే తాగింది, చివరి అరగంటలో రెండుసార్లు వాంతి చేసుకుంది. ఇస్తే ఇంకా ఆత్రంగానే తాగుతోంది. తల్లి, "ఇంత దూరం వచ్చింది సెలైన్ పెడతారనే కదా మేడమ్" అంటోంది. ఊరికి చివరి బస్సు గంటలో వెళ్లిపోతుంది. ఆరోగ్య కేంద్రంలో మీరొక్కరే ఉన్నారు, డాక్టర్ గారు ఫోనులో అందుబాటులో ఉన్నారు. పది నిమిషాలు ఆగి, చెంచాతో మెల్లగా మళ్లీ మొదలుపెట్టి రాత్రికి ఉంచుకోవడమా, సిరలోకి రింగర్ లాక్టేట్ ద్రవం ఎక్కించడమా, ముక్కు గొట్టం ద్వారా ఓఆర్ఎస్ ఇవ్వడమా, పెద్దాసుపత్రికి పంపడమా, ప్యాకెట్లు ఇచ్చి ఆ బస్సుకే పంపించడమా? ఒక్కటే ఎంచుకోవాలి. మొదటిది సరైనదని నా అభిప్రాయం, కానీ వాంతులు ఆగకపోతే ముక్కు గొట్టం కోసం గట్టిగా వాదించే జట్టు ఉంటుంది. వారిని పూర్తిగా మాట్లాడనివ్వండి. సెలైన్ కావాలన్న తల్లికి ఏం చెప్పాలో ప్రతి జట్టు చేతా తెలుగులో రెండు వాక్యాలు రాయించండి, మీ విద్యార్థులకు అదే అన్నిటికంటే కష్టంగా ఉంటుంది.

ఆ తర్వాత రెండో ప్రశ్న: ఏ మార్పు కనిపిస్తే మీ నిర్ణయం మార్చుకుంటారు? పాప మగతగా మారి, తాగలేకపోతే, గిల్లిన చర్మం రెండు సెకన్లకు పైగా అలాగే ఉండిపోతే ప్లాన్ సి (సిరలోకి ద్రవం ఎక్కించడం). ఏడాది లోపు బిడ్డ కాబట్టి కిలోకు 30 చొప్పున 210 మిల్లీలీటర్లు మొదటి గంటలో, 70 చొప్పున 490 మిల్లీలీటర్లు తర్వాతి అయిదు గంటల్లో అని వారే లెక్కవేసి చెప్పాలి. ఒకే పీరియడ్ దొరికితే పరీక్ష, అప్పీలు ఒక రోజు, ఈ సమస్య మరుసటి రోజు పెట్టుకోండి. తరగతికి తీసుకెళ్లే ముందు మీ పిల్లల వార్డు సిస్టర్‌కు ఈ అయిదు మార్గాలూ చదివి వినిపించండి. ఇలా ఎవరూ చేయరని ఆమె దేన్ని కొట్టిపారేస్తారో దాన్ని తీసేసి, ఆమె వార్డులో నిజంగా చూసిన ఒక పొరపాటును ఆ స్థానంలో పెట్టండి.